దాపటి చక్రం

ఇన్‌స్పెక్టర్ కాళిముత్తు నన్ను చూడగానే పలకరించలేదు, చేతి గడియారం చూసుకున్నాడు.

"పదీ అయిదు. నాలుగు గంటలకు వాణ్ణి మెజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నా. ఈలోగా నువ్వేం గారడీ చేస్తావో చేసుకో అప్పాసామీ" అన్నాడు తమిళంలో.

కాళిముత్తుదీ మా వైపు తెలుగిల్లే. కోవిల్‌పట్టిలో ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. కాని ఒంటిమీద ఖాకీ పడితే అతని నోట తమిళం తప్ప రాదు. తెలుగు రావాలంటే ఒళ్ళు మండాలి. ఆ మంట పుట్టించడం నాకు పాత సరదా. ఆ బుధవారం మాత్రం సరదా పడే స్థితిలో లేను.

జరిగింది ఇది. ముందురోజు, మంగళవారం పొద్దున, తిరుపతిసామి అనే ఆయన తన పాత అంబాసిడర్‌లో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ కోర్టుకు బయల్దేరాడు. ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ తగలబడి ఏడుగురు ఆడపిల్లలు చచ్చిపోయిన కేసులో ఆయనే సాక్షి. మంటలు లేచినప్పుడు గేటుకు బయటినుంచి తాళం వేసి ఉందని చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఎనిమిదీ యాభైకి ఇల్లు విడిచాడు. తొమ్మిదీ నలభైకి, సాత్తూరు దాటాక, కారు ముందు కుడి చక్రం ఊడి పక్క పొలంలోకి దొర్లుకుంటూ పోయింది. కారు కల్వర్టు గోడకు కొట్టుకుంది. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు.

ఆదివారం ఆ కారుకు ఇంటి వాకిట్లో ముందు చక్రం బేరింగులు మార్చింది ఆయన సొంత తమ్ముడు ముత్తుకృష్ణన్. చక్రాన్ని ఇరుసు మీద పట్టి ఉంచేది ఒక నట్టు. ఆ నట్టు తిరిగిపోకుండా ఇరుసులోకి అడ్డంగా గుచ్చేది వేలెడంత ఇనప చీల. మెకానిక్కులు స్ప్లిట్ పిన్ను అంటారు, పొట్టిగా పిన్ను అనేస్తారు. ఊడిన చక్రం వైపు ఇరుసులో ఆ చీల లేదు. కాళిముత్తుకు ఇంతే చాలు. తమ్ముడు చీల మరిచిపోలేదు, కావాలనే వదిలేశాడు, కాబట్టి హత్య. పోయిన నెల అన్నదమ్ములు ఉమ్మడి బావి నీళ్ళ దగ్గర చెయ్యి చేసుకున్నారట, ఊరంతా చూసిందట.

నా బాధ వేరే. సోమవారం పొద్దున తిరుపతిసామి మా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చాడు. "ఎవురో ఇంటి సుట్టూ తిరగతా ఉండారు సామీ. రేపు కోర్టు దాకా నాకు ఒగ తోడు కావాల" అన్నాడు. నాకు తూత్తుకుడిలో పని ఉండి, నా భాగస్తుడు వెంకటసుబ్రమణియన్‌ని కాపలా పంపాను. సోమవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా వెంకటు ఆ ఇంటి దగ్గరే ఉన్నాడు. ఈగ కూడా వాలలేదని చెప్పాడు. మంగళవారం మోటారు సైకిలు మీద కారు వెనకే పోవాల్సినవాడు, బయల్దేరే వేళకు పంక్చరై ఆగిపోయాడు. మమ్మల్ని నమ్మి వచ్చిన మనిషి మా కాపలాలోనే చచ్చిపోయాడు. ఇప్పుడు ఆయన తమ్ముడికి అన్నను చంపినవాడన్న పేరు అంటుకోబోతోంది. ఆ రెండో పాపమైనా తప్పిద్దామని వెంకటును వెంటబెట్టుకుని విరుదునగర్ శివార్లలోని ఆ ఠాణాకు వచ్చాను.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూడు" అన్నాడు కాళిముత్తు. సామెత మట్టుకు తెలుగులోనే చెప్పాడు.

"ఈశ్వరుడైతే కారు రెండో వైపు కూడా చూసుండేవాడు. నువ్వు చూశావా?"

"ఊడింది ఒక చక్రం. ఊడనిదాన్ని ఎందుకు చూస్తాను?"

"అందుకే నువ్వు ఈశ్వరుడివి కాలేదు" అని లాకప్ వైపు నడిచాను.

ముత్తుకృష్ణన్ ముప్పై ఏళ్ళవాడు, నూలు మిల్లులో ఫిట్టరు. గోడకు ఆనుకుని కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. గోళ్ళ కింద ఆదివారం నాటి గ్రీజు ఇంకా ఉంది. అన్నకు కొరివి పెట్టడానికి కూడా వదల్లేదు వాణ్ణి.

"ఎన్ని చక్రాలు విప్పినావు?" అని అడిగాను.

"ఒగటే సామీ. దాపటిది."

దాపట అంటే ఎడమ, వలపట అంటే కుడి. నాగలికి కట్టిన ఎద్దుల లెక్క ఇది. దున్నేవాడికి ఎడమచేతి వైపు నడిచేది దాపటెద్దు, కుడిచేతి వైపుది వలపటెద్దు. ఎద్దులు పోయి కార్లు వచ్చినా మా ఇళ్ళలో మాట మారలేదు. మనిషి ఎటు తిరిగి నిలబడినా సరే, బండి దాపట బండిదే.

"బేరింగులు రెండు పక్కలా జతగా మార్చేది గదా? ఒగటే యేల మార్చినావు?"

"అంగట్లో ఒగ సెట్టే ఉండె. ఇంకొగటి శుక్రవారం వస్తాదనిరి. మూలగతా ఉండింది దాపటిదే. వలపటిదాన్ని నేను తాకనే లేదు."

"ఎప్పుడు మొదులు పెట్టినావు?"

"మూడుకు. వెనక చక్రాలకు రాళ్ళు ఆనించి జాకీ ఎత్తినా. లోపలుండే పాత బేరింగు కప్పులు తట్టి తీసేకే గంట పట్టె. కొత్త బేరింగుల్లో అరచేత్తో గ్రీజు అదిమి, ఎక్కించి, దించేటప్పటికి ఆరు."

"నట్టు ఎట్ల బిగించినావు?"

"చక్రం తిప్పతా తిప్పతా బిగించి, చేతికి బరువు తెలిసినాక పావు సుట్టు వెనక్కి వదిల్తి. ఆనాక చీల."

"చీల ఏసినావని నేనెట్ల నమ్మేది?"

వాడు తలెత్తాడు. దెబ్బలకు ఒక కన్ను వాచిపోయి ఉంది.

"మా తాత బండి తోలినోడు సామీ. చీల లేని చక్రం ఎక్కిస్తే మాయమ్మ నాకు కూడు పెట్టదు. గ్రీజు మూతలో పసుపు బొట్టు పెట్టినంకనే మూసినా. పొయ్యి చూడండి." మళ్ళీ అరచేతుల వైపు చూసుకున్నాడు. "మా వదినె కూడా నన్నే అనె. పోలీసోళ్ళ ముందర ఏలు చూపించి, వీడే అనె. పదేండ్ల పిల్లప్పటినుంచి ఆయమ్మ చేతి అన్నం తిన్నోణ్ణి సామీ. వీళ్ళు కొట్టింది నొయ్యలే. ఆ ఏలు మాత్రం పోలేదు, ఇంకా కుచ్చతానే ఉండాది."

ఓదార్చడం నాకు చేతకాదు. పట్టాళంలో బండ్లు బాగుచేస్తూ ఇరవై ఏళ్ళు గడిపినవాణ్ణి, ఇనుముతో మాట్లాడినంత సులువుగా మనుషులతో మాట్లాడలేను. "నాలుగు లోపల వస్తా" అని చెప్పి బయటికి వచ్చేశాను.

కారు ఠాణా వెనక వేపచెట్టు కింద ఉంది. ముక్కు నుజ్జయింది. మేం మెట్లు దిగి వస్తే కుడి వైపు మాకు దగ్గరగా ఉంది, అంటే చక్రం ఊడి ఖాళీగా మిగిలిన ఇరుసు వైపు.

"ముందర దాపట చూద్దాం వెంకటూ. సంచీ తీసుకురా" అన్నాను.

వెంకటు పనిముట్ల సంచీ పట్టుకుని నేరుగా ఖాళీ ఇరుసు దగ్గరికి పోయి గొంతుక్కూర్చున్నాడు.

నాకు నవ్వొచ్చింది. "అది వలపట. దాపట ఆ పక్కది."

"అదేమిటన్నా, దాపట అంటే దగ్గరిది కాదా? దాపున అంటే దగ్గర అనే కదా పుస్తకాల్లో?"

"పుస్తకాల్లో కదా. మా ఎద్దులకు చదువు రాదు. దాపట అంటే ఎడమ."

కాళిముత్తు కూడా పకపకా నవ్వాడు. వెంకటు నవ్వలేదు. ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. ఎవరైనా తప్పు పడితే వాడికి ఎప్పుడూ గిట్టదు, అందుకే అనుకున్నాను. వెంకటు చెన్నైలో పుట్టినవాడు, అక్కడి తెలుగు బడిలో చదువుకున్నవాడు. మేము తెలుగు మాట్లాడతాం కాని చదవలేం. మా పలకల మీద తమిళమే. ఆరేళ్ళ కిందట నాతో కలిసి బోర్డు కట్టినప్పుడు, నలభై రెండేళ్ళ నన్ను కూర్చోబెట్టి అ ఆలు దిద్దించినవాడు వెంకటే. వాడికి తెలియని తెలుగు మాట ఒకటి నా దగ్గర దొరికిందని ఆ పూట లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా. నా తెలివి అంతే.

ఎడమ చక్రం మీది మెరుపు కప్పు ఊడదీశాను. దాని వెనక ఇరుసు కొసను కప్పుతూ చిన్న గ్రీజు మూత. దాన్ని తట్టి తీసి కాళిముత్తు ముక్కు కింద పెట్టాను. లోపల పసుపు బొట్టు, గ్రీజు అంటి కొంచెం చెదిరింది, అంతే. కొత్త గ్రీజు తేనె రంగులో ఉంది. నట్టుకు చీల గుచ్చి ఉంది. ఒక కాలు ఇరుసు కొస మీదికి మడిచి, రెండోది నట్టు మీదికి దించి, రెండూ సుత్తితో అణిచి ఉన్నాయి.

"చీల మరిచిపోయే చెయ్యి ఇలా ఉంటుందా?"

"ఇది మరిచిపోలేదు సరే. అది?" అని కాళిముత్తు ఖాళీ ఇరుసు వైపు గడ్డం ఎత్తాడు.

ఆ వైపుకు పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇరుసు మీద లోపలి బేరింగు ఇంకా అంటుకునే ఉంది. రోలర్లు తుప్పు మచ్చలతో గోధుమరంగులో ఉన్నాయి. గ్రీజు తారు లాగా నల్లగా గడ్డకట్టి ఉంది.

"ఈ వైపు విప్పి పదేళ్ళయినా అయి ఉంటుంది. ముత్తుకృష్ణన్ చెప్పింది నిజం, వాడు దీన్ని తాకలేదు."

"తాకకుండా చీల ఒకటి పీకేసి ఉంటాడు. నేను విప్పింది అటు చక్రం, ఊడింది ఇటు చక్రం అని తప్పించుకోవచ్చు కదా. ఇప్పుడు అదే అంటున్నాడు" అన్నాడు కాళిముత్తు. మూర్ఖుడు కాడతను. ఆ ప్రశ్న నేనైనా అడిగేవాణ్ణి.

"టార్చి వెయ్యి వెంకటూ." ఇరుసుకు అడ్డంగా ఉన్న బెజ్జంలో వెలుగు పడింది. లోపల ఇనప ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది, విరిగిన చోట తళుక్కుమంది. "ఇది చీల కాలు. పాతబడి పట్టేసిన చీలను తీసేముందు ఫిట్టరు దాని కాళ్ళు తిన్నగా చేస్తాడు, తరవాత వెనకనుంచి తడతాడు. ఇక్కడ ఎవడో పటకారుతో మొండిగా గుంజాడు. ఒక కాలు లోపలే తెగింది. విరిగిన చోట తుప్పు లేదు, అంటే రెండు మూడు రోజుల పని. పదేళ్ళు మిల్లులో చేసిన చెయ్యి ఇలా గుంజదు."

కాళిముత్తు వంగి చాలాసేపు చూశాడు.

"సరే. ఇంకెవడో అనుకుందాం. తాజాగా బాగుచేసిన చక్రం పక్కనే ఉంటే, దాన్ని వదిలి దీన్ని ఎందుకు పీకుతాడు?"

"అదే కదా. ఇంట్లో చేసిన రిపేరు మీద నింద పడాలంటే, రిపేరు చేసిన చక్రమే ఊడాలి. వాడు అదే చెయ్యాలనుకున్నాడు. ఏ చక్రమో వాడికి తప్పు తెలిసింది."

"ఎవడు వాడు? తప్పెలా తెలిసింది?"

నేను మళ్ళీ ఇరుసు వైపు వంగాను. కాళిముత్తుకు ఒళ్ళు మండింది, అప్పుడు పొంగింది తెలుగు. "ఒరే అప్పాసామీ! నీ కతలు ఇనేకి నేను కూసోలే. ఈడ ఒగ కానిస్టేబులును నిలబెడతా, కారును ఎవురూ తాకరు. ఆ తెగిన చీల మిగతా తుంటా, దాన్ని గుంజిన చెయ్యీ, రెండూ తే. నాలుగంటే నాలుగే. లేదంటే చిన్నోడు లోపలికి పోతాడు, ఆనాక నువ్వు తలకిందులుగా నిలిచినా బయటికి రాడు!"

పదకొండున్నరకు బయల్దేరాం. మాదీ పాత అంబాసిడరే. ఎప్పుడూ వెంకటే నడుపుతాడు. నేను పక్కన కూర్చుని నడిపేవాడికి సలహాలిచ్చే రకం, వాడికి అది పడకపోయినా ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నాకు స్టీరింగు ఇవ్వలేదు.

తిరుపతిసామి ఇల్లు కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం పోయే దారిలో ఉంది. చేరేసరికి పన్నెండూ నలభై. ఇంటి ముందు తిన్నె, దానికి ఆనుకుని కారు నిలిపే జాగా. నల్లమట్టిలో టైర్ల గుంటలు, ఇంజను నూనె కారిన మరక చూశాను. కారు ముక్కు వీధి వైపు ఉండేది. దాని కుడి పక్క తిన్నెకు మూరెడు దూరంలో, ఎడమ పక్క అవతల కంప వైపు.

"వెంకటూ, ఈ జాగా అంతా జల్లెడ పట్టు. ఒక కాలు తెగిన చీల దొరకాలి. నేను లోపల మాట్లాడి వస్తాను."

తిరుపతిసామి భార్య జోతిలక్ష్మి చాప మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఆదివారం మీ మరిది చక్రం విప్పేటప్పుడు నువ్వు ఇంట్లో ఉండినావామ్మా?"

"లేను. మాయమ్మోళ్ళింట్లో ఉంటి."

"సోమారం?"

"సోమారం మద్దేనం కోర్టుకు ఆయన చొక్కా ఇస్త్రీకి ఇచ్చేకి బస్సులో టౌనుకు పోతిమి, ఇద్దురమూ."

"మరి మీ మరిదే చేసె అని ఎట్ల చెప్పినావు?"

"పోలీసాయన చెప్పె. చక్రం సరిపెట్టినోడే సంపినాడనె."

"అంటే నువ్వు చూసింది కాదు. వాళ్ళు నీకు చెప్పింది, నువ్వు వాళ్ళకే తిరగ చెప్పినావు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎవురినో ఒగర్ని అనకపోతే నాకు ఊపిరాడలే సామీ. ఎదురుగా వాడే ఉండె. అంతే. నా కడుపున పుట్టకపోయినా వాణ్ణి సాకింది నేనే, నేనే అంటిని..." అని మళ్ళీ గోడవైపు తిరిగింది. నేను లేచి తిన్నె మీదికి వచ్చాను.

మిగిలింది తల్లి వల్లియమ్మాళ్. డెబ్బై దాటింది, రెండు కళ్ళలోనూ పొరలు. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. ఒక కొడుకు కాటిలో, ఒక కొడుకు లాకప్‌లో; ఆమె మాత్రం తిన్నె మీద నిటారుగా కూర్చుని చేటలో కందులు ఏరుతోంది. వేళ్ళే ఆమెకు కళ్ళు. వెంకటు అప్పటికి వాకిలి వెతకడం ముగించి వీధిలో మా కారు దగ్గర ఉన్నాడు. సంచీ తెరిచి ఏదో సర్దుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

"అవ్వా, ఆదివారం చిన్నోడు ఏ చక్రం విప్పె?"

"దాపటిది. ఎన్నిసార్లు చెప్పేదప్పా?"

"నేను ఇప్పుడే గదా అడిగేది. ముందర ఎవురడిగిరి? పోలీసులా?"

"పోలీసోళ్ళు గుడ్డి ముసిల్దాన్ని అడగతారా? నీ కూట్టాళి అడిగె గదా."

కూట్టాళి అంటే జతగాడు. నాకు ఈ భూమ్మీద ఉన్న జతగాడు ఒక్కడే.

"ఎప్పుడు?" అన్నాను.

"సోమారం. వీళ్ళిద్దురూ టౌనుకు పోయినంక. చిన్నోడు ఏ చక్రం సరిపెట్టె అవ్వా అనె. దాపటిది అంటి. రోంతసేపటికి ఇదో ఈడనే, నా కాలి దాపునే, టక్కు టక్కుమని సద్దు. ఏమప్పా అది అంటే, చీల గట్టిగా ఉండాదా అని చూస్తా ఉండా అవ్వా అనె. నువ్వు పంపించినోడు గదా, మన మనిషి గదా. మంచిదే, చూడు నాయినా అంటి."

ఆ ముసలామె కాళ్ళు తిన్నె అంచున వేలాడుతున్నాయి. వాటి ఎదురుగా నల్లమట్టిలో కుడి చక్రం నిలిచిన గుంట. ఆమెకు దగ్గరగా ఉన్న చక్రం. దాపున ఉన్న చక్రం.

దాపట అంటే దగ్గరిది కాదా అన్నా?

మా వైపు నాగలి పట్టిన ఏ ఇంట్లోనూ, పాలు తాగే పిల్లవాడు కూడా ఆ తప్పు చెయ్యడు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నవాడే చెయ్యగలడు. అలాంటివాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు, వాణ్ణి ఈ ఇంటికి కాపలా పంపింది నేను. కంచే చేను మేసిందని ఊళ్ళో ఎంతమంది గురించి నవ్వుతూ అని ఉంటాను! ఆ కంచె నాటిన చెయ్యి నాది. పలక మీద నా వేలు పట్టుకుని దిద్దించిన చెయ్యే పటకారు పట్టుకుని ఇక్కడ కూర్చుంది. ఎందుకు చేశాడో, ఆ ఫ్యాక్టరీవాళ్ళు వాణ్ణి ఎంతకు కొని ఉంటారో అప్పుడు నాకు తట్టను కూడా లేదు.

"ఏమప్పా, పలకవు?" అంది వల్లియమ్మాళ్.

"ఏం లేదవ్వా. సోమారం నీకు ఈడ ఏమన్నా దొరికెనా? ఇనప తుంట?"

"చీల దొరికె. పొద్దు మునిగే ముందర వాకిలి చిమ్మతాంటే కాలికి తగిలె. ఆదివారం చిన్నోడు తీసేసిన పాతదేమో అనుకొంటి. ఏదైనా చీలను తొక్కకూడదు, పారెయ్యకూడదు. చక్రానికి ప్రాణం గదప్పా అది. దీపం గూట్లో పెట్టినా."

లేచి గూట్లో చెయ్యి పెట్టాను. నూనె జిడ్డులో వేలికి తగిలింది. తారులాంటి నల్ల గ్రీజు పూసుకున్న పాత చీల. ఒక కాలు నిండుగా ఉంది, రెండోది సగంలో తెగింది. తెగిన చోట తళుకు.

"ఇందాక మా వాడు దీన్ని అడగలేదా నిన్ను?"

"ఇది యాడ అడిగె? పిన్ను దొరికెనా అవ్వా, పిన్ను దొరికెనా అని రెండుసార్లు అడిగె. రవికె పిన్ను నా దగ్గర యాడిది నాయినా అంటి."

ఇంకొక వేళ అయితే కడుపుబ్బ నవ్వేవాణ్ణి. వాడికి దాపట రాదు, ఆమెకు పిన్ను రాదు. ఈ రెండు మాటల సందులో ముత్తుకృష్ణన్ ప్రాణం మిగిలింది. చీలను రుమాల్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను.

"అన్నా!"

వెంకటు వీధి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "ఏం దొరకలేదు. రెండుంపావు అయింది. నువ్వు కారు తీసుకుని బయల్దేరు, ఆలస్యమైతే కాళిముత్తు మాట వినడు. నేను ఇక్కడే ఉండి ఇంకోసారి వెతుకుతాను" అని తాళంచెవి చాపాడు.

ఆరేళ్ళలో మొదటిసారి.

తాళంచెవి తీసుకున్నాను. వాడి ముఖంలోకి చూశాను. అదే ముఖం, పొద్దున నాకు ఇడ్లీ పొట్లం కొనితెచ్చిన ముఖం. కారు కుడి పక్కకు, నడిపేవాడి తలుపు దగ్గరికి నడిచాను. కుడి ముందు చక్రం సరిగ్గా నా మోకాలి పక్కన ఉంది.

తలుపు తెరవబోతూ, ఏదో గుర్తొచ్చినవాడిలా, మామూలుగా అడిగాను. "వెంకటూ, దాపటి చక్రం ఒకసారి చూశావా?"

వాడి చూపు నా మోకాలి వైపు రాలేదు. బానెట్టు మీదుగా అవతలికి, ఎడమ వైపుకు పోయింది. ఒక్క క్షణమే, మళ్ళీ నా మీదికి వచ్చింది. పొద్దున పది గంటలకైతే నా పక్కనున్న చక్రాన్నే చూసి ఉండేవాడు. మాట అర్థం ఠాణా వెనక వేపచెట్టు కింద నేనే నేర్పాను. మంచి శిష్యుడు, ఒక్కసారి చెపితే చాలు.

కారు చుట్టి ఎడమ పక్కకు వెళ్ళాను. పొద్దున బయల్దేరేముందు చక్రాల కప్పులు నాలుగూ నేనే తుడిచాను, పట్టాళం అలవాటు. ఎడమ ముందు కప్పు మీద ఇప్పుడు బొటనవేలంత గ్రీజు మరక ఉంది. వంగి కప్పు ఊడదీశాను. లోపలి గ్రీజు మూత వేలితో తాకగానే అరచేతిలోకి వచ్చేసింది. ఇరుసు బెజ్జంలోనుంచి అవతలి వెలుగు కనపడింది. నట్టు మూడు మరల మీద వేలాడుతోంది.

నా మీద నీడ పడింది. తల ఎత్తలేదు. నీడ చేతిలో చక్రాలు విప్పే ఇనప పానా ఉంది.

అరచేతిలోంచి మూత జారి రాలిన చప్పుడు తిన్నె దాకా వినపడినట్టుంది.

"ఏమప్పా," అని కేకేసింది వల్లియమ్మాళ్, "చీల గట్టిగా ఉండాదా?"